పని ఏ మెట్టు దగ్గర ఆగుతోంది?

పగిడ్యాల నుండి కంటి పరీక్షకు కర్నూలు వెళ్తే ఒక రోజు కూలి పోతుంది. తోడు వచ్చినవారి కూలీ పోతుంది. తీరా కావలసింది కళ్ళద్దాలే అయితే?

1987లో డాక్టర్ గుళ్ళపల్లి నాగేశ్వరరావు గారు హైదరాబాదులో స్థాపించిన ఎల్.వి. ప్రసాద్ నేత్ర వైద్య సంస్థ ఈ పనిని అంచెలుగా విభజించింది. సుమారు 50,000 జనాభాకు ఒక విజన్ సెంటర్. అక్కడ శిక్షణ పొందిన స్థానిక యువతీయువకులు చూపు పరీక్షించి అద్దాలు ఇస్తారు. శుక్లం వంటివి కనబడితే పై ఆసుపత్రికి పంపుతారు. పెద్ద డాక్టరు సమయం కష్టమైన కేసులకు మిగులుతుంది, పేదవాని కూలి నిలుస్తుంది.

మన ఇంట్లో, అంగడిలో కూడా పని ఆలస్యమైతే మనిషిని నిందించే ముందు, అది ఏ మెట్టు దగ్గర ఆగుతోందో చూడండి. ఆసుపత్రికి వచ్చేటప్పుడు పాత చీటీలు, వాడుతున్న మందులు వెంట తెచ్చుకోండి. ఒక మెట్టు మీరే తగ్గించినవారవుతారు.