తోరణశిలపై సాయంకాలము

ఫ్రాన్సు దేశమున, నార్మండీ తీరమందలి ఎత్రెతా యను పల్లెకడ, తెల్లని సుద్దకొండలు కడలిలోనికి చొచ్చుకొనివచ్చి, యుగయుగములుగా అలలు తొలుచుటచే తోరణములై నిలిచినవి. తుపాను వెలిసిన వేళ ఆ కొండ యెట్లుండునో గుస్తావ్ కూర్బే 1870లో చిత్రించెను. ఆ పటమును చూచినచో రాతి బరువు మన భుజములకు తెలియును. 1883 మొదలు పలుమారు లచ్చటికి వచ్చిన క్లోద్ మోనే చేతిలో ఆ బరువెల్ల నెచ్చటికి పోయినదో! శిలకును తన కంటికిని నడుమ నున్న గాలినే ఆయన చిత్రవస్తువుగా గైకొనెను.

మాన్‌పోర్త్ అను పెద్ద తోరణమును చూపు ఆయన చిత్రములు రెండు న్యూయార్కు మెట్రొపాలిటన్ మ్యూజియములో నున్నవి. వానిలో తెల్లని రాయి ఎండ తగిలినచోట గులాబియు నారింజయునై, నీడ పడినచోట నీలమును ఊదాయునై కానవచ్చును. ఇది కల్పన యనుకొనరాదు. ఎండ చొరని తావునకు సూర్యుడు కనబడకపోయినను ఆకాశము కనబడుచునే యుండును గనుక, ఆ నీలపు వెలుగే నీడలో నిండును. మిట్టమధ్యాహ్నము సున్నము కొట్టిన గోడపై నీడను నిదానించి చూచినవారికి ఈ సంగతి క్రొత్త గాదు. చిత్రశాలలలో పెరిగిన పండితులు మాత్రము తరతరములుగా నీడకు గోధుమరంగే పూయుచు వచ్చిరి! నారింజచెంత నీలముంచిన రెండును మరింత ప్రకాశించునను ధర్మమును, గోబెలిన్ తివాచీల కర్మశాలలో అద్దకపు పనిని పర్యవేక్షించిన రసాయనవేత్త షెవ్రోల్ 1839 నాటికే గ్రంథస్థము చేసియుండెను. ఇక దూరమందలి వస్తువులన్ననో, సముద్రపు తేమగాలి వెలుగును చెదరగొట్టుటవలన అంచులు కరగి ఆకాశముతో నేకమగును; కావుననే మోనే వానికి గీత గీయక, రంగుల చాయలను మాత్రము దగ్గరపరచి విడిచెను.

అయితే వెలుగు నిలువదు గదా. ఒకే దృశ్యమును వేర్వేరు వేళలలో చూపు ఐదారు పటములను పిల్లలు మోసికొని వెంటరాగా, ఆకాశము మారినపుడెల్ల ఒకదానిని విడిచి మరియొకదానిని చేపట్టుచు ఆయన తీరమున తిరుగుటను కథారచయిత మొపాసా కన్నులార చూచి వ్రాసియున్నాడు. 1885 నవంబరులో, పోటు వచ్చుచుండగా ఆటు అనుకొని మాన్‌పోర్త్ క్రింద పనిలో మునిగియున్న మోనేను ఒక పెద్ద అల కొండకు విసరికొట్టెను. పటమును దాని చట్టమును కడలి పాలయ్యెను, రంగులపలక మాత్రము గడ్డమునకు నీలము, పసుపు పులిమిపోయెను.