‘అప్పటికి’ అని అడగండి, ‘హ్యాడ్ బీన్’ దానంతటదే వస్తుంది

ఎనిమిది, తొమ్మిది తరగతుల పిల్లల ఇంగ్లిష్ నోట్‌బుక్ తెరిస్తే రిపోర్టెడ్ స్పీచ్ అనే పాఠం కనిపిస్తుంది. ఒకరు అన్న మాటను ఇంకొకరికి చేరవేయడం అన్నమాట. మీరు చదువుకునే రోజుల్లో దీన్నే డైరెక్ట్, ఇన్‌డైరెక్ట్ స్పీచ్ అనేవారు. పాఠం పేరు మారినా పిల్లలు తడబడే చోటు మారలేదు. ‘హ్యాడ్ బీన్’ పెట్టి, క్రియ చివర ‘ఇంగ్’ చేర్చాల్సిన వాక్యం దగ్గరే ఎక్కువ మంది ఆగిపోతున్నారు. వ్యాకరణంలో దీని పేరు పాస్ట్ పర్‌ఫెక్ట్ కంటిన్యువస్. పేరు చూసి బెదరకండి. తెలుగు మీడియంలో చదువుకున్న అమ్మానాన్నలు కూడా ఇంట్లో నేర్పగలిగిన అంశం ఇది. చదివి వినిపించడానికి వీలుగా ఇంగ్లిష్ వాక్యాలను కూడా ఈ పేజీలో తెలుగు లిపిలోనే ఇస్తున్నాం.

హాస్టల్‌లో ఉండే ఒక అమ్మాయి పొద్దున్నే వార్డెన్ మేడం దగ్గరికి వచ్చి, “రాత్రి నుంచి వాంతులవుతున్నాయి మేడం” అందనుకోండి. ఇంగ్లిష్‌లో అయితే “ఐ హ్యావ్ బీన్ వామిటింగ్ సిన్స్ లాస్ట్ నైట్.” మేడం ఈ మాటను డాక్టరుకు రాసి పంపాలి. “షి సెడ్ దట్ షి వాజ్ వామిటింగ్” అని రాస్తే వాంతుల సంగతి చేరుతుంది గానీ ఎప్పటి నుంచి అన్నది జారిపోతుంది. “షి సెడ్ దట్ షి హ్యాడ్ బీన్ వామిటింగ్ సిన్స్ ద ప్రీవియస్ నైట్” అని రాస్తే, రాత్రి మొదలైంది పొద్దున ఆ అమ్మాయి చెప్పేదాకా సాగుతూనే ఉందని డాక్టరుకు అర్థమవుతుంది. ఏ డాక్టరైనా ముందు అడిగేది ఎప్పటి నుంచి అనే కదా! పరీక్షలో ఇది ఒక మార్కు ప్రశ్న కావచ్చు. ఇలాంటి చోట మాత్రం మార్కు కంటే పెద్ద సంగతి.

మరి పిల్లలు ఎందుకు తప్పుతున్నారు? వాళ్లకు తెలుగు బాగా వచ్చు కాబట్టే. మనం “పొద్దున్నుంచి ఎదురుచూస్తున్నానని చెప్పింది” అంటాం. అందులో ‘చెప్పింది’ జరిగిపోయిన మాట. ‘ఎదురుచూస్తున్నాను’ మాత్రం ఆమె నోట వచ్చింది వచ్చినట్టే ఉండిపోయింది. కాలం మారలేదు, చివరనున్న ‘ను’ కూడా కదల్లేదు. ‘అని’ అనే చిన్న మాట ఎంత పెద్ద వాక్యాన్నయినా మార్చకుండా మోసుకుపోతుంది. ఇంగ్లిష్‌లో ‘దట్’ ఆ పని చేయదు. అందుకే పిల్లలు తెలుగు వాక్యాన్ని మనసులో పెట్టుకుని “షి టోల్డ్ దట్ ఐ యామ్ వెయిటింగ్ ఫ్రమ్ మార్నింగ్” అని రాస్తారు. ఇందులో ‘ఐ’ వల్ల ఎదురుచూసింది ఆమె కాదు, రాసిన పిల్లే అయిపోయింది. ‘టోల్డ్’ తర్వాత ఎవరికి చెప్పిందో ఉండాలి, లేదా ‘సెడ్’ వాడాలి. ఇక ‘యామ్ వెయిటింగ్ ఫ్రమ్’ అన్నది మన ‘నుంచి ఎదురుచూస్తున్నాను’కు అచ్చు నకలు. సరైన వాక్యం: “షి సెడ్ దట్ షి హ్యాడ్ బీన్ వెయిటింగ్ సిన్స్ మార్నింగ్.”

ఇక్కడ మీరు చేయాల్సింది తెలుగులోనే ఒక ప్రశ్న వేయడం. మాట్లాడే మనిషి ‘ఇప్పటికి ఇంతసేపటి నుంచి’ అని చెబుతుంటే ‘హ్యావ్ బీన్’ లేదా ‘హ్యాజ్ బీన్’. ఆ మాటను తర్వాత మనం చెప్పేటప్పుడు ఆ ‘ఇప్పటికి’ కాస్తా ‘అప్పటికి’ అయిపోతుంది. అప్పుడు ‘హ్యాడ్ బీన్’. పిల్లవాడు పెన్ను పట్టుకుని ఆలోచిస్తుంటే “ఇప్పటికా, అప్పటికా?” అని అడిగి ఊరుకోండి. పట్టికలు బట్టీ పట్టించడం కంటే ఇదే మేలని మా అభిప్రాయం. పట్టిక పరీక్ష అయ్యాక మరుపుకొస్తుంది.

‘సిన్స్’, ‘ఫర్’ గొడవకూ తెలుగులోనే ఓ కిటుకు ఉంది. మనకు రెండింటికీ ‘నుంచి’ ఒకటే: సోమవారం నుంచి, మూడు రోజుల నుంచి. కానీ ‘నుంచి’ తీసేసి ‘గా’ పెట్టి చూడండి. ‘మూడు రోజులుగా’ అనవచ్చు, ‘చాలాకాలంగా’ అనవచ్చు. ‘గా’ కుదిరితే ‘ఫర్’. ‘సోమవారంగా’, ‘నిన్నగా’ అని ఎవరూ అనరు. కుదరకపోతే ‘సిన్స్’. పిల్లలు ఈ రెండు మాటలను నవ్వుకుంటూ గుర్తుపెట్టుకుంటారు.

నోట్‌బుక్‌లో ఇంకో సూత్రం కూడా ఉంటుంది: ‘వాజ్’, ‘వర్’లతో ‘ఇంగ్’ వస్తే దాన్నీ ‘హ్యాడ్ బీన్’గా మార్చాలని. “ఐ వాజ్ స్లీపింగ్ వెన్ యు కాల్డ్” అని బాబాయ్ మీతో అంటే, ఆ మాటను మీరు “హి సెడ్ దట్ హి హ్యాడ్ బీన్ స్లీపింగ్ వెన్ ఐ కాల్డ్” అని చెబుతారు. ‘వెన్’ తర్వాతి ‘కాల్డ్’ అలాగే ఉండటం గమనించండి. నిజానికి ఇంగ్లిష్ మాతృభాషగా ఉన్నవాళ్లు మాట్లాడేటప్పుడు, అర్థం చెడదనుకుంటే, ‘వాజ్ స్లీపింగ్’ అనే ఉంచేస్తుంటారు. కథల పుస్తకంలోనో సినిమాలోనో అది చూసి మీ అమ్మాయి “మేడం చెప్పింది తప్పా?” అని అడిగితే, రెండూ వాడుకలో ఉన్నాయని, పరీక్షలో మాత్రం సూత్రం ప్రకారం మార్చి రాయడం క్షేమమని చెప్పండి. మొదటి వాక్యంలోనే ‘హ్యాడ్ బీన్’ ఉంటే ఇక మార్చేదేమీ లేదు, అంతకంటే వెనక్కి వెళ్లే రూపం ఇంగ్లిష్‌లో లేదు. ‘సెడ్’ బదులు ‘సేస్’ అని ఉన్నా కాలం మార్చక్కర్లేదు.

అభ్యాసానికి వర్క్‌షీట్ వెతకనక్కర్లేదు. ఊరి నుంచి అమ్మమ్మ ఫోన్ చేసి పెట్టేశాక, “అమ్మమ్మ ఏమంది? ఇంగ్లిష్‌లో చెప్పు” అనండి. వారానికి రెండు ఫోన్లు చాలు. మొదలుపెట్టడానికి మూడు వాక్యాలు ఇస్తున్నాం. ముందు పిల్లలను చెప్పనిచ్చి, తర్వాతే జవాబు చూపించండి.

పక్కింటి ఆంటీ: “మేం ఇక్కడ ఆరేళ్లుగా ఉంటున్నాం.” జవాబు: “షి సెడ్ దట్ దే హ్యాడ్ బీన్ లివింగ్ దేర్ ఫర్ సిక్స్ ఇయర్స్.” ‘ఇక్కడ’ అన్నది ‘అక్కడ’ అయింది. పిల్లలు అదే ఇంటి పక్కన నిలబడి చెబుతుంటే మాత్రం ‘హియర్’ అన్నా తప్పులేదు.

తాతయ్య: “కరెంటు పోయినప్పుడు నేను టీవీ చూస్తున్నాను.” జవాబు: “హి సెడ్ దట్ హి హ్యాడ్ బీన్ వాచింగ్ టీవీ వెన్ ద పవర్ వెంట్ ఆఫ్.”

నాన్న: “ఈ డాక్టరుగారు నాకు పదేళ్లుగా తెలుసు.” ఇది కొంచెం మెలిక. ‘గా’ ఉంది కదా అని “హ్యాడ్ బీన్ నోయింగ్” అనేస్తారు. తెలియడం, ఇష్టపడడం, నమ్మడం లాంటివి చేసే పనులు కావు, ఉండే స్థితులు. వాటికి మామూలుగా ‘ఇంగ్’ చేర్చరు. కాబట్టి “హి సెడ్ దట్ హి హ్యాడ్ నోన్ ద డాక్టర్ ఫర్ టెన్ ఇయర్స్.”