కంది వేరు చేసే పని

తెలంగాణ చెల్క నేలల్లో జొన్న సాళ్ల మధ్య కంది వేయడం పాత అలవాటే. జొన్న కోసేశాక కూడా కంది పొలంలోనే నిలబడి, మిగిలిన తేమతో కాపు కాస్తుంది. ఇలాంటి ఎర్ర నేలల్లో భాస్వరం చాలావరకు ఇనుముతో బిగుసుకుని ఉంటుంది. ఎక్కువ పంటలకు అది అందదు. మరి కందికెలా అందుతోంది? పటాన్‌చెరులోని ఇక్రిశాట్ పరిశోధన సంస్థలో పనిచేసిన జపాన్ శాస్త్రవేత్తలు, వారి సహచరులు 1990లో ‘సైన్స్’ పత్రికలో దీనికి జవాబు రాశారు. కంది వేళ్లు పిసిడిక్ ఆమ్లాన్ని మట్టిలోకి వదులుతాయి. ఆ ఆమ్లం ఇనుమును పట్టుకోగానే భాస్వరం విడివడుతుంది.

నత్రజని సంగతి వేరు. గాలిలో 78 శాతం అదే ఉన్నా మొక్క నేరుగా తీసుకోలేదు. కంది, వేరుశనగ, పెసర వేళ్ల బుడిపెల్లో ఉండే రైజోబియం బాక్టీరియా మొక్క పెట్టే చక్కెరలు తిని, గాలిలోని నత్రజనిని అమ్మోనియాగా మార్చి ఇస్తుంది. పూతకొచ్చే వేళ ఒక మొక్కను మట్టితో సహా పెళ్లగించి, బుడిపెను గోటితో చీల్చి చూడండి. లోపల గులాబీ రంగుంటే పని సాగుతున్నట్టే. మన రక్తంలోని హిమోగ్లోబిన్‌కు దగ్గరి చుట్టమైన లెగ్‌హిమోగ్లోబిన్‌ది ఆ రంగు. నత్రజనిని మార్చే ఎంజైమును ఆక్సిజన్ పాడుచేయకుండా అది కాపాడుతుంది. యూరియా దండిగా వేసిన పొలంలో మాత్రం బుడిపెలు తగ్గిపోతాయి. నత్రజని ఊరికే దొరుకుతుంటే చక్కెర ఖర్చు చేయడం మొక్కకు దండగ కదా!

ఆ చక్కెరలోని కర్బనమంతా ఆకులు గాలి నుంచి పట్టిందే.

వేళ్ల నుంచి మట్టిలోకి దిగిన కర్బనంలో చాలా భాగాన్ని సూక్ష్మజీవులు తిని, కార్బన్ డయాక్సైడ్‌గా మళ్లీ గాలిలోకే వదులుతాయి. కొంత మాత్రం వాటి ఒంట్లో చేరి, అవి చచ్చాక బంకమట్టి రేణువులకు అంటుకుని ఏళ్ల తరబడి ఉండిపోతుంది. ప్రపంచంలోని నేలలన్నిటిలో ఉన్న కర్బనం, వాతావరణంలోనూ చెట్టుచేమల్లోనూ కలిపి ఉన్నదానికంటే ఎక్కువ.

అలాగని మట్టిలోని జీవులన్నీ మనకు మేలే చేస్తాయనుకోకూడదు. నీళ్లు నిలిచిన వరి మడిలో మట్టికి గాలి తగలదు. అక్కడ భూమిని వేడెక్కించే మీథేన్‌ను పుట్టించే జీవులు పెరుగుతాయి. ఆ వాయువులో ఎక్కువ భాగం వరి మొక్క లోపలి గాలి దారుల గుండానే పైకి వస్తుంది. పచ్చిరొట్టనో గడ్డినో కలియదున్ని వెంటనే నీళ్లు నిలబెడితే ఇంకా పెరుగుతుంది. మడిని మధ్యమధ్య ఆరనిచ్చి తడిపితే మీథేన్ బాగా తగ్గుతుంది, నీళ్లూ మిగులుతాయి. బోరు కింద సాగుచేసే రైతు ఈ పద్ధతిని తన ఇష్టం మీద పాటించగలడు. కాలువ కింద రైతుకు అది సాధ్యం కావాలంటే ముందు నీళ్లు వదిలే తీరు మారాలి.