పెంపుడు కుక్కలు, పిల్లులలో దంతాల తొలగింపు: ఖర్చు ఎక్కడ పెరుగుతుంది?

సికింద్రాబాద్‌లోని మారేడ్‌పల్లి, సైనిక్‌పురి, బోయిన్‌పల్లి వంటి ప్రాంతాలలో పొమేరేనియన్, షిట్జు వంటి చిన్నజాతి కుక్కలను పెంచే కుటుంబాలు అనేకం. పెరుగన్నం, బిస్కెట్లు తింటూ వయసు మళ్ళిన కుక్కను నోటి దుర్వాసనకో, కంటి కింద వాపుకో పశువైద్యుని వద్దకు తెచ్చిన యజమాని, పళ్ళు తీయడానికయ్యే ఖర్చు విని నివ్వెరపోవడం పరిపాటి. తన పన్ను తీసినందుకు దంతవైద్యునికి చెల్లించిన రుసుముతో ఆయన దానిని పోల్చుకుంటాడు. పోలిక సహజమైనదే కాని పొంతన లేనిది.

మనిషి నోరు తెరచి కదలకుండా కూర్చుంటాడు కనుక చిగురుకు ఇచ్చే మత్తు సరిపోతుంది. జంతువుకు పూర్తి మత్తు తప్పనిసరి. అందుకు ముందుగా రక్తకణాల లెక్కింపు, మూత్రపిండాలు, కాలేయాల పనితీరు పరీక్షలు, వృద్ధ జంతువులలో గుండె పరీక్ష జరగాలి. నీరు, రక్తం, గార ముక్కలు ఊపిరితిత్తులలోకి పోకుండా శ్వాసనాళంలో గొట్టం అమర్చి, దాని ద్వారా ఐసోఫ్లురేన్ వాయువు ఇస్తారు. శ్వాస, రక్తపోటు, శరీర ఉష్ణోగ్రతలను గమనించడానికి ఒకరు ప్రత్యేకంగా ఉండాలి. బిల్లులో ఈ భాగం తీసే పన్ను ఒకటైనా, ఆరైనా పెద్దగా మారదు.

మారేది శస్త్రచికిత్సకు పట్టే సమయం. కుక్కకు 42, పిల్లికి 30 శాశ్వత దంతాలు ఉంటాయి. కదులుతున్న ముందు పన్ను నిమిషాలలో వస్తుంది. పైదవడలోని నాలుగవ అగ్రచర్వణకానికి మూడు వేళ్ళు. కంటి కింద వాపుకు తరచుగా మూలం ఇదే. చిగురును పొరగా లేపి, పన్నును మూడు ముక్కలుగా కోసి, ఒక్కొక్క వేరును విడిగా తీసి, ఎముకను నునుపు చేసి కుట్లు వేయవలసి ఉంటుంది. చిగుళ్ళ వ్యాధి ఎముకను తినివేసిన చిన్న కుక్కలో బలం ఎక్కువైతే కింది దవడే విరగవచ్చు. పై కోరపన్ను తీసిన చోట సరిగా మూయకపోతే నోటికి, ముక్కుకు మధ్య రంధ్రం మిగిలిపోతుంది.

ఖర్చు తగ్గించుకోవడానికి యజమానులు ముందుగా వద్దనేది ఎక్స్‌రేనే. వేరంతా చిగురు లోపలే ఉంటుంది కనుక దాని స్థితి పైకి తెలియదు. పిల్లులలో పన్ను క్రమంగా కరిగిపోయే వ్యాధి సాధారణం. వేరు ఎముకలో కలిసిపోయిందో లేదో చూడనిదే, పూర్తిగా తీయాలా, పైభాగం మాత్రమే తీయాలా అన్నది తేలదు. విరిగిన వేరు లోపల మిగిలితే మళ్ళీ చీము, మళ్ళీ మత్తు, మళ్ళీ బిల్లు.

తీయవలసిన పళ్ళెన్నో మత్తు ఇచ్చి పరిశీలించాకే స్పష్టమవుతుంది. కాబట్టి కనిష్ఠ, గరిష్ఠ మొత్తాలతో అంచనాను ముందే రాసి ఇవ్వడం, మధ్యలో ఫోనులో అనుమతి తీసుకోవడం మేలు. శస్త్రచికిత్స నేర్చుకునే విద్యార్థి దీనిని కూడా నేర్చుకోవలసి ఉంది. తగవులు ఎక్కువగా పుట్టేది ఇక్కడే. పశువైద్యశాల సేవలకు జీఎస్‌టీ మినహాయింపు ఉన్నది కనుక, పన్ను తీతకు పన్ను లేకపోవడం ఒక ఊరట.

నారాయణగూడలోని ప్రభుత్వ పశువైద్యశాల, రాజేంద్రనగర్‌లోని పశువైద్య కళాశాల ఆసుపత్రి తక్కువ ఖర్చు మార్గాలు. దూరం వెళ్ళేముందు దంత ఎక్స్‌రే, వాయు మత్తు ఆ రోజు అందుబాటులో ఉన్నాయా అని విచారించుకోవాలి. మత్తు లేకుండా గార గీకించడం మాత్రం చవక మార్గం కాదు. కనిపించే భాగం తెల్లబడుతుంది, చిగురు కింద వ్యాధి సాగుతూనే ఉంటుంది. అమెరికా పశు దంతవైద్య కళాశాల దీనిని వ్యతిరేకిస్తున్నది.

ఖర్చు నిజంగా తగ్గే అవకాశాలు ముందే ఉన్నాయి. ఆరేడు నెలలకు శాశ్వత దంతాలు వచ్చినా పాలపళ్ళు ఊడకపోతే, సంతాన నిరోధక శస్త్రచికిత్స సమయంలోనే, అదే మత్తులో వాటిని తీయవచ్చు. పాచి కొద్ది రోజులలోనే గారగా గట్టిపడుతుంది కనుక వారానికొకసారి కాక ప్రతిరోజూ బ్రష్ చేయాలి. జైలిటాల్ కుక్కలకు విషం కాబట్టి మనుషుల పేస్టు వాడరాదు. ఆదివారం వంట తర్వాత ప్రేమగా వేసే మటన్ బొమిక పెద్ద పళ్ళను చీల్చగలదు. నమలడానికి ఇచ్చే వస్తువును బొటనవేలి గోటితో నొక్కినపుడు సొట్ట పడకపోతే అది కుక్క పంటికి గట్టిదే.