కాలు జారని నేల

విసుర్రాయి నున్నబడితే పిండి సరిగా పడదు. అప్పుడు గంట్లు కొట్టిస్తాం. గరుకు రాయి గింజను పట్టుకుంటుంది. గరుకు నేల కూడా అంతే, కాలును పట్టుకుంటుంది. ఈ సంగతి ఓడలు కట్టేవాళ్ళకు బాగా తెలుసు.

మన జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్లలకు సముద్రం చాలా దూరం. సముద్రం ఒడ్డున విశాఖపట్నంలో ఓడలు కడతారు. అక్కడ కట్టిన 'జల ఉష' అనే ఓడ 1948 మార్చి 14న ప్రధానమంత్రి నెహ్రూ చేతుల మీదుగా నీళ్ళలోకి దిగింది.

ఓడ పైన మనుషులు నడిచే నేలను డెక్ అంటారు. పెద్ద ఓడల్లో అది ఉక్కు రేకుల నేల. ఓడ ఊగుతుంది. అలలు పైకి కొడతాయి. నూనె ఒలుకుతుంది. కాలు జారితే మనిషి సముద్రంలోనే పడొచ్చు. పైగా ఉప్పునీళ్ళకు ఉక్కు తుప్పు పడుతుంది.

అందుకే డెక్‌కు జారని పూత పూస్తారు. ముందు తుప్పంతా తీసేస్తారు. తుప్పు మీద వేసిన రంగు పెచ్చులూడుతుంది. తర్వాత తుప్పు పట్టకుండా ఒక పూత వేస్తారు. అది ఆరాక, ఎపాక్సీ అనే గట్టి జిగురు రంగులో గరుకు పొడి కలిపి మందంగా పూస్తారు. ఆ పొడి ఇసుకలా ఉంటుంది. ఇసుక కన్నా గట్టిది.

ఎందుకు జారదు?

నున్నటి నేల తడిస్తే, కాలికీ నేలకూ నడుమ నీటి పొర నిలుస్తుంది. కాలు ఆ పొర మీద జారుతుంది. గరుకు నేలలో పలుకులు ఆ పొర పైకి పొడుచుకొని వస్తాయి. కాలికి పట్టు దొరుకుతుంది. నడవగా నడవగా ఈ పలుకులూ అరుగుతాయి. అప్పుడు మళ్ళీ పూయాల్సిందే.

మరి మన సంగతి?

ధర్మపురిలో గోదావరి మెట్ల మీద కాలు ఆచితూచి వేస్తాం. సిరిసిల్లలో సాంచాల కింద నూనె పడుతుంది. కోరుట్లలో బీడీ ఆకు తడిపిన నీళ్ళు నేల మీద పారతాయి. ఎవరైనా పడితే "చూసుకొని నడువొద్దా?" అంటాం. ముసలమ్మకు తుంటి ఎముక విరిగితే నెలల తరబడి మంచమే. తప్పు కాలుది కాదు, నేలది. నేలనే బాగుచేయాలి.

* స్నానం చేసే కాడ నున్నటి బండలు వద్దు. గరుకు బండలు వేయించండి.
* కొత్త సిమెంటు పచ్చిగా ఉన్నప్పుడే చీపురుతో గీతలు గీయించండి.
* పాకురు పడితే బ్లీచింగ్ పౌడరు చల్లి, గట్టిగా తోమి కడగండి.
* నూనె ఒలికితే రంపపు పొట్టు చల్లి ఊడ్చండి. తర్వాత సబ్బునీళ్ళతో కడగండి.

ఆలోచించండి

మీ ఇంట్లో కాలు జారే చోటు ఏది? పని కాడ ఏది? దాన్ని గరుకు చేయడానికి ఎంత ఖర్చవుతుంది? రాసుకోండి. సంఘం మీటింగులో చదివి వినిపించండి.