పాత కారుకి కొత్త బ్రేక్ ప్యాడ్లు: ఏం కావాలి, ఎలా వేయాలి

పోయిన ఎపిసోడ్‌లో పాత కారు బ్రేకుల గురించి మాట్లాడుకున్నాం కదా. "డ్రైవ్ చేస్తూ విన్నాం, కొలతలు గుర్తులేవు, రాసి పెట్టండి" అని కొందరు అడిగారు. అందుకే ఈ పోస్టు.

సింగపూర్‌లో పాత కారంటే మామూలుగా పదేళ్లు దాటి, సీఓఈ మళ్లీ ఐదేళ్లకో పదేళ్లకో పొడిగించుకున్న కారు. పదేళ్లు దాటాక ఇన్‌స్పెక్షన్ రెండేళ్లకోసారి కాదు, ఏటా చేయించాలి. అక్కడ రోలర్ల మీద బ్రేకులు పరీక్షిస్తారు. కానీ పాసయిందంటే ఆ రోజుకి బాగుందని మాత్రమే అర్థం. మిగతా ఏడాది చూసుకోవాల్సింది మనమే.

ముందుగా ఒక మాట. హెచ్‌డీబీ కార్‌పార్క్‌లో ఈ పని పెట్టుకోకండి, అక్కడ రిపేర్లు చేయకూడదు. నేను తెలిసినవాళ్ల వర్క్‌షాప్‌లో, మెకానిక్ అంకుల్ పక్కన నిలబడి చూస్తుండగా నేర్చుకున్నాను. మీరు సిన్ మింగ్‌లోనో ఉబిలోనో ఇచ్చి చేయించుకునేవాళ్లయినా సరే, పని ఎలా జరుగుతుందో తెలిస్తే ఏం అడగాలో తెలుస్తుంది.

ఎప్పుడు మార్చాలి?

కొత్త ప్యాడ్ మీద రాపిడి పదార్థం సుమారు 10 నుంచి 12 మి.మీ. ఉంటుంది. అది 3 మి.మీ.కి వచ్చేసరికి మార్చేయాలి. చాలా ప్యాడ్లకి చిన్న రేకు ముక్క ఉంటుంది, ప్యాడ్ అరిగాక అది డిస్క్‌కి తగిలి కీచుమంటుంది. ఆ చప్పుడు దాటి గరగర మొదలైందంటే ఇనుము ఇనుముని తింటోందన్నమాట. డిస్క్ కనీస మందం దాని మీదే ముద్రించి ఉంటుంది. అంతకన్నా పలచబడితే డిస్క్ కూడా మార్చాల్సిందే.

ఏం కావాలి?

జాక్, యాక్సిల్ స్టాండ్లు, చక్రాల కింద పెట్టే అడ్డు దిమ్మలు, వీల్ స్పానర్, సాకెట్ సెట్ (చాలా జపాన్ కార్లకి 12 లేదా 14 సైజు), సి-క్లాంప్, వైర్ బ్రష్, బ్రేక్ క్లీనర్, బ్రేకులకని అమ్మే సిలికాన్ గ్రీజు, టార్క్ రెంచ్, మాస్క్. జాక్ కారుని ఎత్తడానికే, నిలబెట్టడానికి కాదు. స్టాండ్లు లేకపోతే పని మొదలుపెట్టకండి.

ఎలా వేయాలి?

1. చక్రం నేల మీద ఉండగానే నట్లు కాస్త వదులు చేసి, తర్వాత కారు ఎత్తి స్టాండ్ల మీద నిలపండి.
2. కాలిపర్ కింది బోల్టు తీసి పైకి తిప్పండి. పూర్తిగా ఊడదీస్తే తీగతో కట్టండి, రబ్బరు గొట్టానికి వేలాడదీయొద్దు.
3. పాత ప్యాడ్లు తీసి, లోపలిదీ బయటిదీ పక్కపక్కన పెట్టి చూడండి. ఒకటి బాగా అరిగి రెండోది అలాగే ఉంటే స్లైడ్ పిన్ పట్టేసిందేమో చూడాలి.
4. పిన్నులు తుడిచి గ్రీజు రాయండి. ప్యాడ్ మీదా డిస్క్ మీదా గ్రీజు పడకూడదు. దుమ్ము నోటితో ఊదకండి.
5. బ్రేక్ ఆయిల్ డబ్బా మూత తీసి, సి-క్లాంప్‌తో పిస్టన్ నెమ్మదిగా లోపలికి నొక్కండి. ఆయిల్ పైకి పొంగొచ్చు, పెయింట్ మీద పడితే వెంటనే కడిగేయండి. హ్యాండ్‌బ్రేక్ కలిసి ఉన్న వెనక కాలిపర్లలో చాలావాటికి పిస్టన్‌ని తిప్పుతూ నొక్కాలి, దానికి వేరే టూల్ ఉంటుంది.
6. కొత్త ప్యాడ్లు పెట్టి, మాన్యువల్‌లో ఉన్న టార్క్‌కి బిగించండి. ప్యాడ్లు ఎప్పుడూ ఎడమా కుడీ కలిపి జతగానే మార్చాలి.

నేను చేసిన తప్పు

మొదటిసారి అన్నీ సరిగ్గా బిగించి, సంతోషంగా కారు రివర్స్ చేశాను. బ్రేక్ నొక్కితే పెడల్ నేల దాకా పోయింది! హ్యాండ్‌బ్రేక్ లాగబట్టి కారు గోడకి జానెడు దూరంలో ఆగింది. కారణం చాలా చిన్నది. మనం లోపలికి నొక్కిన పిస్టన్ మళ్లీ ప్యాడ్ దాకా రావాలి. ఆ ఖాళీ నిండేదాకా పెడల్‌కి పట్టు ఉండదు. అందుకే ఇంజిన్ స్టార్ట్ చేయకముందే, పెడల్ గట్టిపడేదాకా నొక్కుతూ ఉండాలి. తర్వాత ఆయిల్ మట్టం చూసి మూత పెట్టాలి.

పాత కారుకి ఇంకో రెండు

బ్రేక్ ఆయిల్ గాలిలోని తేమని పీల్చుకుంటుంది. డాట్ 4 ఆయిల్ కొత్తగా ఉన్నప్పుడు కనీసం 230 డిగ్రీల దాకా మరగదు, తేమ పట్టాక ఆ హద్దు 155కి పడిపోవచ్చు. మన ఉక్కపోత వాతావరణంలో రెండేళ్లకోసారి మార్చడం మంచిది. రబ్బరు గొట్టాల మీద పగుళ్లున్నాయేమో కూడా చూడండి.

చివరగా, ఖాళీ రోడ్డు మీద మోస్తరు వేగంతో, పూర్తిగా ఆపకుండా పదిసార్లు మెల్లగా బ్రేక్ వేసి, మధ్యలో చల్లారనివ్వండి. అప్పుడే ప్యాడ్, డిస్క్ ఒకదానికొకటి అలవాటు పడతాయి.

మీ కారుకి వెనక డిస్కా, డ్రమ్మా? కింద రాయండి, డ్రమ్ముల సంగతి ఇంకో ఎపిసోడ్‌లో చూద్దాం. ఏ బోల్టు దగ్గరైనా అనుమానం వస్తే అక్కడే ఆపి అంకుల్‌ని పిలవండి, అందులో నామోషీ ఏం లేదు!