గర్భసంచి తీయించుకొన్న తరువాత

ఈ సంగతి మన పత్రికలో వ్రాయవచ్చునా అని మేము కొంత తటపటాయించితిమి. నూలు ధరలు, సొసైటీ లెక్కలు వ్రాయు చోట ఆడవారి ఆపరేషను మాట ఏల అని పెద్దలు అనవచ్చును. కాని ఆసు పోయుట, కండెలు చుట్టుట మన యిండ్లలో ఎవరి చేతి పనియో అందరము ఎరుగుదుము.

సోలాపురములో మాకు వదినె వరుస అగు ఒకామె మరమగ్గములకు కండెలు చుట్టును. అధిక రక్తస్రావము వలన 39వ యేట గర్భసంచి తీసివేసిరి. నెల తిరుగకముందే ఒళ్ళంతా సెగలు, వెంటనే చెమటలు, రాత్రి నిద్ర లేదు. "యంత్రము దగ్గర నిలుచుంటే చీర తడిసిపోతుందమ్మా" అని మా యింటివారితో చెప్పినది. ఒకరు వేడి చేసినదనిరి, ఒకరు దిష్టి అనిరి. అండాశయములు కూడ తీసిరా అని అడిగితే ఆమెకు తెలియదు. భర్తకూ తెలియదు. ట్రంకుపెట్టె అడుగున దొరికిన డిశ్చార్జి కాగితములో రెండును తీసినట్లు ఉన్నది.

అసలు తేడా అంతయు అక్కడనే యున్నది. గర్భసంచి మాత్రమే తీసినచో ముట్టు ఆగును గాని అండాశయములు ఈస్ట్రోజెన్ అను హార్మోనును ఇచ్చుచునే యుండును. రెండు అండాశయములును తీసినచో అది ఒక్కసారిగా ఆగిపోవును. సెగలు పైకి తెలియును. ఎముకలు పలుచబడుట, గుండెజబ్బు భయము పెరుగుట తెలియవు. కావున 45 ఏండ్లలోపు ఇట్లు జరిగినవారికి, వేరే అడ్డు లేనిచో, సహజముగా ముట్లుడుగు వయస్సు వరకు హార్మోను వాడుమని వైద్యులు సాధారణముగా చెప్పుదురు. గర్భసంచి లేనివారికి చాలవరకు ఈస్ట్రోజెన్ ఒక్కటే చాలును. రెండవ హార్మోను గర్భసంచి లోపొరను కాపాడుటకే.

హార్మోను అనగానే కాన్సరు అని బెదరువారు కలరు. ఈ భయము 2002లో అమెరికాలో ఒక పెద్ద పరిశోధనలో కొంత భాగమును మధ్యలో నిలిపివేసినప్పుడు లోకమంతట పాకినది. అది గర్భసంచి ఉన్నవారికి రెండు హార్మోనులు కలిపి ఇచ్చిన భాగము. గర్భసంచి లేనివారికి ఈస్ట్రోజెన్ మాత్రమే ఇచ్చిన భాగము ఫలితములు 2004లో వచ్చినవి. అందు రొమ్ము కాన్సరు పెరుగలేదు. పక్షవాతము మాత్రము కొంత పెరిగినది. చర్మముపై అంటించు పట్టీ, పూయు జెల్ వలన రక్తము గడ్డకట్టు భయము మాత్రలకంటె తక్కువ. రొమ్ము కాన్సరు, పక్షవాతము, కాలి నరములలో రక్తపు గడ్డ, కాలేయపు జబ్బు వచ్చినవారు ఆ సంగతి ముందే డాక్టరుకు చెప్పవలెను. మందుల షాపులో అడిగి కొనుక్కొను వస్తువు కాదిది.

ఆపరేషనుకు ముందు మాట కూడ ఒకటి కలదు. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15-49 ఏండ్ల స్త్రీలలో గర్భసంచి తీయించుకొన్నవారు దేశమున నూటికి 3.2, ఆంధ్రలో 8.9, తెలంగాణలో 7.7. మన పుట్టినిండ్ల లెక్క ఇది! "సంచి పుచ్చినది, కాన్సరగును" అని బెదరించినచో ఏ పరీక్షలో తేలినదో అడుగుడు. అధిక రక్తస్రావమునకు మందులు కలవు, లోపల అమర్చు హార్మోను సాధనము కలదు. తప్పనిసరియైనచో అండాశయములు ఏల తీయవలెనో సంతకమునకు ముందే అడుగుడు.

మా వదినె ఇప్పుడు డాక్టరు సలహాపై పట్టీ వాడుచున్నది. సెగలు తగ్గినవి, కీళ్ళనొప్పులు ఇంకను ఉన్నవి. ఆ కాగితమును సొసైటీ పాసుపుస్తకముతో కలిపి బీరువాలో పెట్టినది.